ఆడుతున్న ఆర్పీజీ మొహం మొత్తేసిందా? టేబుల్ చెదరకుండా సిస్టమ్ మార్చుకోవడం ఎలా

ఇది ఎవరికంటే, రెండుమూడేళ్ళుగా ఒకటే టేబుల్‌టాప్ ఆర్పీజీ (టేబుల్ చుట్టూ కూర్చుని, తలో పాత్రగా మాట్లాడుతూ, డైస్ వేసి కథ నడిపే ఆట) ఆడుతూ (చాలామందికి అది డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషనే అయ్యుంటాది) ఈమధ్య ఆదివారం దగ్గరపడుతోందంటే హుషారు రాకపోగా "అబ్బా మళ్ళీ ఇనిషియేటివ్ వెయ్యాలా" అనిపిస్తున్నవాళ్ళకి (ఇనిషియేటివ్ అంటే కొట్లాటలో ఎవరి వంతు ముందో తేల్చే డైస్). ఇప్పుడే మొదలెట్టినవాళ్ళు దీన్ని వదిలేసి హాయిగా ఆడుకోండి, తర్వాత చదువుదురుగాని.

మన శ్రీకాకుళం, విజయనగరం లాంటి ఊళ్ళలో దీనికి ఇంకో చిక్కుంది. పెద్ద సిటీలో అయితే ఈ గ్రూపు కుదరకపోతే ఇంకో గ్రూపు చూసుకుంటారు, ఇక్కడ ఉన్నదే ఐదుగురు, అందులో ఒకడు ఆమదాలవలస నుంచి, ఇంకొకడు నరసన్నపేట నుంచి బస్సెక్కి రావాలి, ఆ ఐదుగురు చెదిరిపోతే ఇంక ఆటే లేదు. అందుకని ఇక్కడ చెప్పేదంతా సిస్టమ్ (అంటే ఆట రూల్స్) మారాలి గానీ మనుషులు పోకూడదు అనే లెక్కలో ఉంటాది.

స్టెప్ 1: విసుగు దేనిమీదో తేల్చుకోండి

సిస్టమ్ మీద విసుగు, కథ మీద విసుగు, మనుషుల మీద విసుగు, మూడూ బయటికి ఒకేలా కనబడతాయి. ఫోన్ చూసుకోవడం, మన టర్న్ వచ్చాక "ఆ? ఏటైంది ఇప్పుడు?" అనడం, సాయంత్రం ఆరవకుండానే బస్సు టైము గుర్తుకు రావడం.

తేల్చుకోడానికి రెండు ప్రశ్నలు వేసుకోండి. ఒకటి, ఇదే మనుషులతో ఇదే గదిలో క్యారమ్స్ ఆడదాం అంటే వెళ్తారా? వెళ్ళాలని లేకపోతే గొడవ రూల్స్‌ది కాదు, ఎవరితోనో ఏదో ఉంది, అది వేరేగా మాట్లాడుకోవాలి, ఏ కొత్త పుస్తకమూ దాన్ని బాగుచెయ్యదు. రెండు, మీ డీఎం (కథ నడిపేవాడు, వేరే ఆటల్లో జీఎం అంటారు) రేపు ఫోన్ చేసి "ఈ కథ ఆపేసి ఇవే రూల్స్‌తో సముద్రపు దొంగల కథ మొదలెడతాను" అంటే మీకెలా ఉంటాది? ప్రాణం లేచొచ్చిందంటే మీకు విసుగు కథ మీద, అంతే, ఉన్న కేంపెయిన్‌ని (వారాల తరబడి సాగుతున్న కథని) మర్యాదగా ముగించి అదే సిస్టమ్‌లో కొత్తది మొదలెట్టండి. అలా కాకుండా "కథ ఏదైతే ఏటి, మళ్ళీ అదే షీటు, అవే స్పెల్ స్లాట్లు, అదే కొట్టుడు" అనిపిస్తే మాత్రం సిస్టమే మొత్తింది. మిగతాది చదవండి.

డీఎంకి వచ్చే విసుగు ఇంకో రకం, అది ఎక్కువగా తయారీ దగ్గర వస్తాది. వారమంతా ఆఫీసు చేసుకొచ్చి శనివారం రాత్రి కూర్చుని రాక్షసుల అంకెలు కట్టి మ్యాపు గీస్తే, ప్లేయర్లు ఆ గుహలోకే వెళ్ళకుండా ఊళ్ళో మేకలు కొనే బేరంలో పడతారు. ఆయన బాధ ఆయనది, ముందు ఆయన్నే అడగండి.

స్టెప్ 2: ఒక్క ఆదివారం టైము రాయండి

ఇది ఎవరూ చెయ్యరు గానీ అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. నోట్‌బుక్కులో ఐదు గళ్ళు గీయండి: కొట్లాట, రూల్ వెతుక్కోవడం, క్యారెక్టర్లుగా మాట్లాడుకోవడం, తిరగడం-వెతకడం, వాదించుకోవడం. పదిహేను నిమిషాలకోసారి, ఆ క్షణంలో ఏం జరుగుతోందో ఆ గడిలో ఒక గీత పెట్టండి. టేబుల్‌కి చెప్పి చెయ్యండి, దొంగచాటుగా చేస్తే బాగోదు.

చివర్లో గీతలు లెక్కపెడితే చాలా టేబుల్స్‌లో కొట్లాట గడే నిండిపోయుంటాది. ఎందుకంటే, చూడండి, ఐదుగురు ప్లేయర్లు, ఎదురుగా ఆరు గాబ్లిన్లు (చిన్న రాక్షసులు). 2014 రూల్స్‌లో గాబ్లిన్‌కి ఏసీ (దెబ్బ తగలాలంటే చేరాల్సిన అంకె) 15, హెచ్‌పీ (ప్రాణం) 7. ఫస్ట్ లెవెల్ ఫైటర్‌కి డైస్‌కి కలుపుకునేది +5 ఉందనుకుంటే డీ20 (ఇరవై ముఖాల డైస్) మీద 10 గానీ పైన గానీ పడాలి, అంటే 55 శాతం. మిగతా 45 శాతం "మిస్సు, నెక్స్ట్" అంతే, ఏమీ జరగదు, కథ ఒక్క అంగుళం కదలదు, మళ్ళీ మన వంతు రాడానికి పదిమంది టర్నులు అవ్వాలి, అందులో ఒకడు ఏ స్పెల్ వెయ్యాలో తేల్చుకోలేక పుస్తకం తిరగేస్తుంటాడు, ఈలోగా కరెంటు పోతే మొబైల్ టార్చిలో మినియేచర్లు మళ్ళీ సర్దాలి. అదే పాత్ర ఊరి పెద్దతో బేరమాడితే? పర్సుయేషన్ ఒక్క రోల్, అరనిమిషం, అయిపోయింది.

ఇది డీఎం చేతకానితనం కాదు, ఆ ఆట పుట్టుకే అలాంటిది. 1974లో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ డీ అండ్ డీని వేసినప్పుడు అది మినియేచర్ బొమ్మలతో ఆడే యుద్ధాల ఆటల్లోంచి వచ్చింది, 1971 నాటి చెయిన్‌మెయిల్ అనే యుద్ధం రూల్స్ దానికి వెనకాల ఉన్నాయి. ఇన్ని ఎడిషన్లు మారినా కత్తికీ మంత్రానికీ ఉన్నన్ని పేజీలు మాటకి రాలేదు. రూల్‌బుక్కు దేనికి ఎక్కువ పేజీలిస్తే టేబుల్ మీద టైము దానికే పోతాది, దేనికి బహుమతి ఇస్తే ప్లేయర్లు అదే చేస్తారు. రాక్షసుణ్ణి చంపితే ఎక్స్‌పీ (లెవెల్ పెంచే పాయింట్లు) అని రాసుంటే మావాడు మాట్లాడదామని వచ్చిన రాక్షసుణ్ణి కూడా చంపేస్తాడు, వాణ్ణి తిట్టి లాభం లేదు. సిస్టమ్ స్టైల్ అనేది ఇదే, బొమ్మలూ రాక్షసుల పేర్లూ కాదు.

మీ గళ్ళ కాగితం దాచుకోండి, స్టెప్ 4లో కావాలి.

స్టెప్ 3: పారేసేముందు ఇంట్లో ఉన్నదాన్నే ఒకసారి బాగుచేసి చూడండి

కొత్త సిస్టమ్ అంటే కొత్త చదువు, ఐదుగురితో చదివించాలి. కాబట్టి ముందు మీ 2014 డంజన్ మాస్టర్స్ గైడ్‌లోనే ఎవరూ తెరవని పేజీలు కొన్ని ఉన్నాయి, అవి వాడండి.

"సక్సెస్ ఎట్ ఎ కాస్ట్" అని ఒక రూల్ ఉంది. ఒకటో రెండో తేడాతో ఫెయిలైతే పని జరిగిపోయినట్టే, కానీ ఒక ఇబ్బంది తగులుకుంటాది. గోడ దూకేశావు కానీ చెప్పు అవతలే పడిపోయింది, పొద్దున్న కాపలావాడు చూస్తాడు. "మిస్సు, నెక్స్ట్" బాధ సగం దీంతోనే తగ్గుద్ది.

మొరేల్ అని ఇంకోటి ఉంది. శత్రువుల గుంపులో సగం పోయాక లేదా నాయకుడు పడిపోయాక విజ్‌డమ్ సేవ్ డీసీ 10 వేయించండి (డీ20కి విజ్‌డమ్ కలిపితే 10 గానీ పైన గానీ రావాలి), ఫెయిలైతే పారిపోతారు లేదా లొంగిపోతారు. ఆఖరి గాబ్లిన్ ఆఖరి హెచ్‌పీ దాకా కొట్టుకోవాల్సిన పని లేదు. లొంగిపోయినోడితో మాటలు మొదలవుతాయి, ఆ మాటల గడిలో ఎప్పట్నించో గీతలు పడట్లేదు కదా.

రాక్షసుల దెబ్బకి పక్కనే సగటు అంకె రాసుంటాది, గాబ్లిన్‌కి 5. అదే తీసుకోండి, డైస్ వెయ్యకండి. ఒక్కో రౌండ్‌లో మిగిలేది కొంచెమే గానీ రాత్రికి చూస్తే అరగంట కలిసొస్తాది.

ఇప్పుడు అసలైంది. ఆ పుస్తకం లెక్క ప్రకారం ఒక పార్టీ ఒక రోజులో, అంటే ఒక లాంగ్ రెస్ట్‌కీ (రాత్రి నిద్రకీ) ఇంకో లాంగ్ రెస్ట్‌కీ మధ్య, ఆరు నుంచి ఎనిమిది మీడియం లేదా హార్డ్ ఎన్‌కౌంటర్లు (కొట్లాటల్లాంటివి) తట్టుకుంటాదని. మన టేబుల్ మీద ఎన్నవుతాయి? ఒకటి, మహా అయితే రెండు, ఎందుకంటే చివరి బస్సు ఉంది. ఆ ఒక్క ఫైట్‌లో విజార్డు తన స్పెల్సన్నీ ఒకేసారి కుమ్మరించేసి పడుకుంటాడు, తెల్లారేసరికి అన్నీ మళ్ళీ నిండుతాయి, పాపం ఫైటరూ వార్‌లాకూ షార్ట్ రెస్ట్ (మధ్యలో గంటసేపు ఆగడం) మీద బతికేవాళ్ళు, వాళ్ళకి ఆ షార్ట్ రెస్టే రాదు. "ఈ ఆటలో మంత్రగాడు కాకపోతే దండగ" అని ఎవరైనా అంటుంటే కారణం చాలావరకు ఇదే. దీనికి మందు కూడా అందులోనే ఉంది, గ్రిట్టీ రియలిజం అనే వేరియంట్: షార్ట్ రెస్ట్ 8 గంటలు, లాంగ్ రెస్ట్ 7 రోజులు. అప్పుడు అవే ఆరు ఎన్‌కౌంటర్లు కథలో ఒక వారం మీద, మన లెక్కలో నాలుగైదు ఆదివారాల మీద పరుచుకుంటాయి. పేరు చూసి భయపడకండి, అందులో రక్తపాతమేమీ లేదు, క్యాలెండర్ మార్పు మాత్రమే.

ఒక నెల ఇలా ఆడండి. తగ్గితే మంచిదే, డబ్బులు మిగిలాయి. తగ్గకపోతే ముందుకెళ్దాం.

స్టెప్ 4: మీ విసుగుకి సరిపోయే సిస్టమ్ వెతకండి

ఇక్కడ చాలామంది చేసేది, నెట్‌లో టాప్ టెన్ చూసి బొమ్మ బాగున్నది కొనేయడం. అలా కాదు. గళ్ళ కాగితం ముందు పెట్టుకుని ఏ గడి తగ్గాలి, ఏ గడి పెరగాలి అన్నది చూడండి.

ఏమీ జరగని మిస్సులతో విసిగిపోయారా, అయితే 2010లో వచ్చిన అపొకలిప్స్ వరల్డ్, దాని దారిలో వచ్చిన డంజన్ వరల్డ్ లాంటివి చూడండి. రెండు డీ6 వేసి కలపడం, 10 గానీ పైన గానీ వస్తే పని అయిపోయింది, 7 నుంచి 9 అయితే అయింది కానీ ఏదో ఒక మూల్యం, 6 లోపయితే జీఎం చేతికి పగ్గాలు. +1 ఉన్నవాడికి పూర్తి గెలుపు 28 శాతం, నడిమి ఫలితం 44 శాతం, ఓటమి 28 శాతం. ఆ 44 చూశారా, ఎక్కువసార్లు పడేది "అయింది, కానీ" అనేదే, కథంతా ఆ కానీలోనే ఉంటాది. అక్కడ శత్రువుకి టర్నే ఉండదు, ఇనిషియేటివ్ ఉండదు, మీరు వేసిన డైసే వాడి దెబ్బ కూడా తేల్చేస్తాది.

కొట్లాట ఇష్టమే కానీ చప్పగా ఉంది, నడవడం కొట్టడం తప్ప ఇంకేం చెయ్యలేకపోతున్నాం అంటే మీకు రూల్స్ తగ్గడం కాదు, పెరగడం కావాలి. పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ (2019) లో టర్న్‌కి మూడు యాక్షన్లు, మూడూ మీ ఇష్టం. టార్గెట్ అంకెని 10 తేడాతో దాటితే క్రిటికల్ సక్సెస్, 10 తేడాతో తప్పితే క్రిటికల్ ఫెయిల్యూర్, కాబట్టి ప్రతి +1కీ విలువుంటాది. రూల్స్ మొత్తం ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్‌లో ఉచితంగా ఉన్నాయి. మీ గ్రూపులో లెక్కలు కట్టుకుని మురిసిపోయేవాడొకడు ఉంటాడు చూడండి, వాడు దీన్ని చూస్తే ఇంటికి కూడా వెళ్ళడు.

మా పాత్రలు మరీ వీరులైపోయారు, దేనికీ భయం లేదు అనిపిస్తే కాల్ ఆఫ్ కథుల్హు అనే భయం కథల ఆట. 1981 నుంచి ఉన్నది, నూటికి లెక్క, మీ స్కిల్ అంకె గానీ అంతకంటే తక్కువ గానీ పడాలి, అంతే. స్పాట్ హిడెన్ (దాగున్నది కనిపెట్టే స్కిల్) ఏమీ పెంచుకోకపోతే 25, అంటే నాలుగుసార్లలో మూడుసార్లు కనబడదు. పిచ్చెక్కకుండా బయటపడితే అదే గెలుపు. క్విక్‌స్టార్ట్ ఉచితం, అందులోనే బోస్టన్‌లో ఒక పాడుబడ్డ ఇంటి కథ ఆడ్డానికి తయారుగా ఉంది. మనవాళ్ళకైతే దాన్ని తెచ్చి శాలిహుండం కొండ మీద పెట్టండి, వంశధార ఒడ్డున ఆ బౌద్ధ స్తూపాల మధ్య లాంతరు పట్టుకుని ముగ్గురు తిరుగుతుంటే బోస్టన్ ఎందుకు చెప్పండి.

క్యారెక్టర్ షీటంతా అంకెలే, మనిషి కనబడట్లేదు అనిపిస్తే ఫేట్ చూడండి. అందులో పాత్ర అంటే కొన్ని వాక్యాలు, వాటిని ఆస్పెక్ట్స్ అంటారు. "తిత్లీ తుఫానులో జీడితోట మొత్తం పోయిన ఉద్దానం రైతు కొడుకు" అని షీటు మీద రాసుకుంటే ఆ వాక్యమే రూల్. చెట్టెక్కాలన్నా, గాలి వాసన పట్టాలన్నా, పలాస వ్యాపారితో బేరమాడాలన్నా ఫేట్ పాయింట్ ఒకటి ఖర్చు పెట్టి +2 తీసుకోవచ్చు. అదే వాక్యం ఎదురు కూడా తిరుగుద్ది, ఆకాశం నల్లబడగానే "నీకు కాళ్ళు కదలట్లేదు" అని జీఎం ఒక పాయింటు చేతిలో పెడతాడు. 2018 అక్టోబరు అనుభవించిన మనిషి టేబుల్ దగ్గరుంటే మాత్రం ముందే అడిగి రాసుకోండి, ఆట కోసం ఎవరి గాయమూ రేపక్కర్లేదు.

డీఎం తయారీ భారం అయితే కెయిర్న్ లాంటి చిన్నవి. పుస్తకం పలచన, ఉచితం, దెబ్బ తగిలిందా లేదా అనే రోలే ఉండదు, కొడితే తగిలినట్టే, ఎంత అన్నదే డైస్. అందుకని ప్లేయర్లు కొట్టేముందు ఆలోచిస్తారు. మౌస్‌రిట్టర్ కూడా ఇదే దారి, అందులో మీరంతా ఎలకలు, ఒక జీడిపప్పు గోడౌనే మహారాజ్యం, దాన్నీ పలాస తీసుకొచ్చేస్తే పిల్లలతో కూడా ఆడొచ్చు.

ఎవరూ రాని ఆదివారాలకి ఐరన్‌స్వార్న్. పీడీఎఫ్ ఉచితం, ఒక్కరూ ఆడుకోవచ్చు.

ఇంక జీయూఆర్‌పీఎస్, సావేజ్ వరల్డ్స్ లాంటి ఏ కథకైనా సరిపడే సిస్టమ్స్ గురించి అడుగుతారు, మంచివే, కానీ విసిగిపోయున్న టేబుల్‌కి మొదటి మందుగా నేనైతే ఇవ్వను. ఏ కథకైనా సరిపోయేదాంట్లో ఏ స్టైలూ గట్టిగా ఉండదు, మీకు ఇప్పుడు కావాల్సింది మారిన రుచి.

స్టెప్ 5: సరంజామా

డీ20లు మన ఊళ్ళో షాపులో దొరుకుతాయని ఏడురోడ్ల కూడలి చుట్టూ తిరక్కండి, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే. కానీ పైన చెప్పినవాటిలో అపొకలిప్స్ వరల్డ్, ఫేట్ లాంటి కొన్నిటికి లూడో డైస్ చాలు. ఫేట్‌కి నాలుగు డైస్ కావాలి, లూడో డైస్ మీదే 1, 2 పడితే మైనస్, 3, 4 సున్నా, 5, 6 ప్లస్ అనుకోండి. నూటి లెక్కకి ఒక స్టీలు గ్లాసులో 0 నుంచి 9 దాకా చీటీలు, ఒకటి తీసి పదుల స్థానం, తిరిగి గ్లాసులో వేసి కలిపి ఇంకోటి తీసి ఒకట్ల స్థానం, రెండూ సున్నాలైతే 100. చీటీ తిరిగి వెయ్యడం మర్చిపోతే లెక్క తప్పుతాది.

పుస్తకం మొత్తం జెరాక్స్ తియ్యకండి. రూల్స్ సారాంశం ఒక్క పేజీ, అదీ తెలుగులో మీరే రాసి ఐదు కాపీలు తియ్యండి. ఫేట్, బ్లేడ్స్ ఇన్ ద డార్క్ (దొంగతనాల ఆట, స్టెప్ 7లో వస్తాది) రూల్స్ డాక్యుమెంట్లు, 2023 జనవరి నుంచి డీ అండ్ డీ ఎస్ఆర్‌డీ 5.1 (ఉచితంగా ఇచ్చిన రూల్స్ పత్రం) కూడా క్రియేటివ్ కామన్స్ లైసెన్సులో ఉన్నాయి, ఎక్కడినుంచి తీసుకున్నారో రాస్తే తెలుగు చేసుకోడానికీ పంచుకోడానికీ ఇబ్బంది లేదు. తెలుగు కాగితం చేతికొస్తే ఇంతకాలం గమ్మున కూర్చున్న మనిషి కూడా నోరు తెరుస్తారు, ఇది చాలా టేబుల్స్‌లో చూశాను.

స్టెప్ 6: మిగతావాళ్ళకి చెప్పడం

ఇక్కడే టేబుల్స్ పగిలేది. "ఈ సిస్టమ్ చెత్త" అని మొదలెడితే డీఎంకి వినబడేది "నువ్వు చేసిందంతా చెత్త" అని. ఆ మాటే వద్దు. మీరేం కావాలనుకుంటున్నారో అది చెప్పండి, ఆ బరువు మీరే ఎత్తుకోండి:

"అన్నా, కేంపెయిన్ ఆపమనట్లేదు. రెండు ఆదివారాలు నాకిచ్చేయ్, నేను నడుపుతాను, నువ్వు ప్లేయర్‌గా కూర్చో."

ఏళ్ళ తరబడి డీఎంగా ఉన్నోడికి ప్లేయర్‌గా కూర్చోవడమంటే సెలవు దొరికినట్టే. చాలామంది ఒప్పేసుకుంటారు. ఒప్పుకోని వాళ్ళు ఇంకెవరైనా ఉంటే వాళ్ళ భయమేటో అడగండి:

"నా పాలడిన్ ఏటవుద్దిరా? తొమ్మిదో లెవెల్ దాకా తెచ్చాను."

"ఏటీ అవదు, ఫైల్లోనే ఉంటాడు. రెండు వారాలు రెస్ట్."

"పుస్తకానికి డబ్బులు పోశాను మరి?"

"అలగని జీవితాంతం అదే ఆడతామేట్రా."

నవ్వొస్తే సగం పనైపోయినట్టే. నవ్వు రాకపోతే బలవంతం చెయ్యకండి, ఆ ఒక్కరికి నచ్చే అంశం కొత్త ఆటలో ఏముందో చూసి అది చెప్పండి. ఇంటికి చీకటిపడేలోపు వెళ్ళాల్సిన అక్కాచెల్లెళ్ళు ఉంటే మూడు గంటల్లో ముగిసే ఆట అని చెప్పడమే పెద్ద ఆకర్షణ, నిజంగా.

స్టెప్ 7: ట్రయల్ రాత్రి

ఒకే ఒక్క కథ, ఒకే సిట్టింగు, తయారుగా ఉన్న పాత్రలు. క్యారెక్టర్ తయారీతో మొదటిరోజు పాడుచేసుకోవద్దు. ఉదాహరణకి నేను ఎప్పుడూ వాడేది బ్లేడ్స్ ఇన్ ద డార్క్ (2017) రూల్స్‌తో ఒక దొంగతనం, విజయనగరంలో, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజు. దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం, ఊరంతా రోడ్డు మీదే, మేడలన్నీ జనం. అమ్మవారి సొమ్ము జోలికెళ్ళే కథ మాత్రం వద్దు, టేబుల్ దగ్గర సగం మందికి మొక్కులుంటాయి. గంటస్తంభం దగ్గర ఒక వడ్డీ వ్యాపారి ఇల్లు, మేడ మీద పెట్టె, పెట్టెలో ఊళ్ళోవాళ్ళ ప్రాంసరీ నోట్లు. అవి తెచ్చి తగలబెట్టాలి.

రూల్స్ నాలుగే చెప్పండి. ఒకటి, పనికి తగ్గ స్కిల్ ఎంతుంటే అన్ని డీ6లు, అందులో పెద్ద అంకె ఒక్కటే చూడాలి: 6 అయితే అయింది, 4, 5 అయితే అయింది కానీ చిక్కు, 3 లోపు చెడింది. రెండు, మోసుకెళ్ళే సామాను ముందు చెప్పక్కర్లేదు, అవసరమైనప్పుడు "తాడు తెచ్చాను" అంటే తెచ్చినట్టే, మొత్తం ఐదు వస్తువుల వరకు. మూడు, ఫ్లాష్‌బ్యాక్, అంటే ముందే చేసిపెట్టిన ఏర్పాటుని అవసరమైనప్పుడు చెప్పడం, దానికి స్ట్రెస్ గళ్ళు నింపుకోవాలి. నాలుగు, గడియారాలు: ఒక వృత్తం గీసి ఆరు ముక్కలు చేసి, ఏదైనా జరిగినకొద్దీ ముక్కలు నింపడం.

సిరిమాను (పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను) ఆ గడియారానికే పుట్టినట్టు ఉంటాది. చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుద్ది కదా, ఒక్కో తిరుగుడుకి రెండు ముక్కలు, మొత్తం ఆరు. చింతమాను మూడోసారి తిరిగి గుడి చేరిందంటే జనం ఇళ్ళకి మళ్ళుతారు, వ్యాపారి కూడా. పక్కనే ఇంకో ఆరు ముక్కల గడియారం, అది పెట్టె బయటికి రావడం. 4, 5 పడితే పెట్టె గడియారమూ ఒక ముక్క, సిరిమాను కూడా ఒక ముక్క. 6 పడితే పెట్టె గడియారంలోనే రెండు. 3 లోపు పడితే సిరిమాను రెండు. రెండు వృత్తాలూ టేబుల్ మధ్యలో అందరికీ కనబడేలా పెట్టండి, మీరు మాటల్లో ఎంత భయపెట్టినా రాని టెన్షన్ ఆ పెన్సిలు ముక్క నింపుతుంటే వస్తాది.

ఆట ఇలా నడుస్తాది:

"మేడ మీద కిటికీకి లోపల గడియ ఉంది. ఎలగ తీస్తావు?"

"ఫ్లాష్‌బ్యాక్. మొన్న పండక్కి రంగులేసింది నేనే. అప్పుడే స్క్రూలు లూజు చేసొచ్చా."

"బాగుంది. స్ట్రెస్ ఒకటి రాసుకో. కిటికీ ఊడొచ్చింది, లోపల ముసలావిడ. సిరిమాను చూడ్డానికి కిందికి దిగలేక మంచం మీద కూర్చునుంది. నిన్ను చూసింది."

"దణ్ణం పెట్టి, అమ్మా మేడ మీంచి బాగా కనబడుద్దని వచ్చానంటాను."

"వెయ్యి డైస్."

డీ అండ్ డీ అలవాటున్నోడు ఇక్కడ ముందు కంగారుపడతాడు, "రంగులేసినట్టు ముందే చెప్పాలి కదా" అని. అక్కర్లేదు, ఈ సిస్టమ్‌లో ప్లానింగ్ అంతా ఇలా వెనక్కెళ్ళి చేసుకోవడమే, గంటన్నర కూర్చుని ప్లాన్ గీసే తద్దినం ఉండదు. జీఎంగా మీరు చెయ్యకూడని పని ఒకటే, నచ్చిన ఫ్లాష్‌బ్యాక్‌కి అడ్డం చెప్పడం. మరీ నమ్మలేనంత పెద్దదైతే స్ట్రెస్ రెండు అడగండి. స్ట్రెస్ గళ్ళు తొమ్మిది, నిండితే ఆ పాత్ర ఈ కథకి బయటే.

స్టెప్ 8: పాత అలవాట్లు వదిలించుకోవడం

కొత్త సిస్టమ్ మొదటి రెండు సిట్టింగుల్లో పాతదానిలాగే ఆడతారు. గదిలోకి వెళ్ళగానే "పర్సెప్షన్ వెయ్యనా?" అంటారు. "ఏం చూస్తున్నావు, ఎక్కడ చూస్తున్నావు చెప్పు" అని అడగండి, డైస్ తర్వాత. జీఎం అలవాటు ఇంకా మొండిది, ప్రతిదానికీ రోల్ అడగడం. తప్పితే కథ ఏ దారికీ వెళ్ళదనుకుంటే డైసే వద్దు, అయిపోయిందనేయండి. రూల్ గుర్తు రాకపోతే ఆట ఆపి పుస్తకం తియ్యొద్దు, అక్కడికక్కడ ఏదో ఒకటి తేల్చి, కాగితం మీద ప్రశ్న రాసిపెట్టుకుని టీ టైములో చూసుకోండి.

ఒక్కసారి ఆడి తీర్పు చెప్పకండి, మొదటిసారి తడబాటు సిస్టమ్‌ది కాదు. రెండోసారి కూడా అలాగే ఉంటే మాత్రం మొహమాటపడక్కర్లేదు.

స్టెప్ 9: తర్వాతేంటి

ట్రయల్ అయ్యాక పావుగంట ఉంచుకోండి, బస్సుకి పరిగెత్తేముందు ముగ్గురినైనా అడగండి: ఎక్కడ ఫోన్ చూశావు, ఏ సీను గుర్తుంది, పాతదాంట్లోది ఏది లేక వెలితిగా ఉంది. "బాగుందా" అని అడగొద్దు, మొహమాటానికి అందరూ బాగుందనే అంటారు. మళ్ళీ గళ్ళ కాగితం తీసి రెండూ పక్కపక్కన పెట్టండి.

ఎక్కువమందికి కొత్తది నచ్చితే పాత కేంపెయిన్‌ని గాల్లో వదిలెయ్యకండి. రెండు సిట్టింగుల్లో ముగించమని డీఎంని అడగండి, చిన్నచిన్న ఫైట్లు తీసేసి ఆఖరి శత్రువు దగ్గరికి నేరుగా, ఆ తర్వాత ఒక్కో ప్లేయరూ తన పాత్ర పదేళ్ళ తర్వాత ఎక్కడుందో రెండు వాక్యాల్లో చెప్పాలి. సగం మందికి పాతది, సగం మందికి కొత్తది అంటే ఆదివారం మార్చి ఆదివారం, కానీ రెండింటికీ జీఎంలు వేరుగా ఉండాలి, ఒకడి మీదే రెండూ పడితే మూడు నెలల్లో వాడికీ ఇదే విసుగు. కొత్తది ఎవరికీ నచ్చకపోతే అదీ పర్లేదు, పాతదానికి స్టెప్ 3 మార్పులతో వెళ్ళిపోండి, ఇంకో ఆర్నెల్లకి ఇంకోటి ట్రై చెయ్యొచ్చు.

పుస్తకాలు మాత్రం వెంటనే అమ్మెయ్యకండి. మన దగ్గర సెకండ్ హ్యాండ్‌కి కొనేవాళ్ళు తక్కువ, వచ్చే రేటూ తక్కువ, పైగా మీ కాలేజీ జూనియర్లలో ఎవడో ఒకడు వీడియోలు చూసి "అన్నా ఇది ఎలా ఆడతారు" అని వస్తాడు. వాడికిచ్చెయ్యండి, ఆ గుంటలు నలుగురు తయారైతే ఊళ్ళో రెండో టేబుల్ అవుతాది.